వెనక గొట్టం నీళ్లు

నేను సిగ్గుపడ్డానంటే నన్నెరిగిన వాళ్లెవరూ నమ్మరు. తిరువూరులో మా వీధి వాటర్ ప్లాంటు దగ్గర తొమ్మిదేళ్లుగా మైకు పట్టుకుని కూర్చున్నవాణ్ణి. "నీలం మూత టిన్ను గారు ముందుకు దయచేయాలి, ఎర్రమూత గారితో కబుర్లు తర్వాత చెప్పుకోవచ్చు" అని నేనంటే లైను లైనంతా నవ్వేది. నీళ్ల కోసం కాకుండా నా మాటల కోసం వచ్చేవాళ్లు కూడా ఉన్నారని నాకో నమ్మకం. టిన్ను లేకుండా ఒక్కరూ వచ్చింది లేదనుకోండి, అది వేరే సంగతి.

ముందు ప్లాంటు గురించి చెప్పాలి. వీధివాళ్లందరూ కలిసి వేయించుకున్న బోరు, ఆ నీళ్లని శుభ్రం చేసే మెషీను, పైన రేకుల షెడ్డు. అజమాయిషీకి అయిదుగురు పెద్దల కమిటీ, మోటారు తిప్పడానికి నేను. మా వైపు భూమిలో నీళ్లు ఉప్పన. ఆ నీళ్లు పోస్తే పప్పు ఉడకదు, గిన్నెకి తెల్లటి సున్నం పడుతుంది. అందుకని తాగడానికీ వంటకీ ఎవరైనా ప్లాంటుకి రావాల్సిందే. పొద్దున నేను షెడ్డు తాళం తీసేసరికే బయట టిన్నులు వరసగా నిలబడి ఉంటాయి. మా దగ్గర మనుషులు నిలబడరు, టిన్నులు నిలబడతాయి. టిన్ను పెట్టేసి ఇంటికెళ్లి వాకిలి ఊడ్చుకుని, పిల్లలకి జడలేసి తీరిగ్గా వచ్చినా దాని వంతు దానికుంటుంది. ఏ టిన్ను ఎవరిదో మూత రంగు చూసి చెప్పేస్తాను. చదువు అబ్బకపోయినా మూతలు బాగా చదివాను.

చదువంటే గుర్తొచ్చింది. నాది ఏడో తరగతి. లెక్కల సారు క్లాసులో అటూ ఇటూ నడుస్తుంటే ఆయన వెనకే ఆయన నడక నడిచి చూపించాను. క్లాసంతా నవ్వింది. ఆయన వెనక్కి తిరిగారు. మర్నాటి నుంచి మా నాన్న పక్కన దూది ఏకడానికి కూర్చున్నాను. మాది దూది ఏకి పరుపులు కుట్టే ఇల్లు. మేం ఏడుగురు పిల్లలం, నేను ఆరోవాణ్ణి. వరసగా వీధిలో నడిచి వెళ్తుంటే అరుగుల మీదవాళ్లు ఊరుకునేవాళ్లు కాదు. "మీవాళ్లకి ఆపడం తెలీదురా" అనేవాడొకడు. "ఏరా, మీ నాన్న పరుపులు కుడతాడా, పరుపు మీదే ఉంటాడా?" అని ఇంకొకడు. నాకప్పుడు ఆ మాట అర్థం కాలేదు. అర్థమైన రోజున మా నాన్న మొహం చూడలేకపోయాను.

అప్పుడే ఒక ఉపాయం నేర్చుకున్నాను. ఎదుటివాడు రాయి తీసేలోపు మనమే నవ్వుతూ మన నెత్తిన కొట్టుకుంటే వాడు రాయి కింద పడేస్తాడు. "మా ఇంట్లో అన్నానికి కాదండీ, హాజరు వేయడానికే గంట పడుతుంది" అని ముందే నేను అనేసేవాణ్ణి. నా వేళాకోళమంతా అక్కడ మొదలైంది.

ఇక మాస్టారు. ఆయన కాలేజీలో ఎకనామిక్సు చెప్పి రిటైరయ్యారు. పొద్దున వాకింగు అయ్యాక షెడ్డు పక్క సిమెంటు బల్ల మీద కూర్చుని పేపరు చదువుతారు, చదవగా మిగిలింది నాకు చెబుతారు. ఆ వేసవిలో బోరు బాగా దిగిపోయింది. మోటారు గంటసేపు తిరిగితే గంటన్నర ఆపాల్సొచ్చేది. లైనులో టిన్నులు మలుపు దాటి కిరాణా కొట్టుదాకా వెళ్లాయి.

"నీళ్లన్నీ ఏమైపోయాయంటారు మాస్టారూ?" అన్నాను ఒకనాడు.

"వెనకటికి ఇంగ్లండులో ఒక పాదిరీ ఉండేవాడయ్యా" అని మొదలుపెట్టారాయన. "జనం రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు అట్లా పెరుగుతారు, తిండేమో ఒకటి, రెండు, మూడు, నాలుగు అట్లా పెరుగుతుంది అన్నాడు. ఎప్పటికైనా తిండి చాలదు. అప్పుడు కరువో రోగమో వచ్చి లెక్క సరిచేస్తుంది. పేదవాళ్లని ఆదుకుంటే ఇంకా కంటారు, ఇంకా పేదవాళ్లవుతారు, అందుకని ఊరికే ఆదుకోవద్దనీ అన్నాడు."

"మహానుభావుడండీ!"

"ఆగవయ్యా, ఇది సగమే. ఆయన్ని ఎంతమంది ఎన్ని రకాలుగా ఉతికి ఆరేశారో అది అసలు..."

అంతలో టిన్ను నిండి పొంగింది. నేను లేచి పరిగెత్తాను. మిగతాది రేపు చెబుతానన్నారు. ఆ రేపు నేను అడగలేదు. ఏడో తరగతిలో చేసిన పనే నలభై ఏడో ఏట మళ్లీ చేశాను, పాఠం మధ్యలో లేచొచ్చేశాను.

ఎందుకు అడగలేదో ఇప్పుడు తెలుసు. ఆ మొదటి సగం నాకు తియ్యగా ఉంది. నాకు ఇద్దరే పిల్లలు. చిన్నప్పటి నుంచి నా నెత్తిన పడ్డ రాయి మొట్టమొదటిసారి నా చేతికొచ్చింది. చేతికొచ్చాక విసరకుండా ఉండడానికి నేనేమన్నా సాధువునా?

ఆ వారమే కమిటీ కూర్చుంది, నీళ్లు ఎట్లా సర్దాలని. నేను నిలబడి రెండు, నాలుగు, ఎనిమిది చెప్పాను. "ఇంటికి రెండు టిన్నులు. ఇంట్లో ఎంతమందైనా సరే. ఎక్కువమంది ఉన్నారని ఎక్కువిస్తే, కనేవాళ్లకి కానుక ఇచ్చినట్టవుతుంది" అన్నాను. కమిటీ పెద్దాయన తొడ చరిచి నవ్వారు. "కనేవాళ్లకి కానుక! వీడు చదువుకుని ఉంటే కలెక్టరయ్యేవాడు" అన్నారు. రూలు పాసైంది. ఆ అయిదుగురిళ్లలోనూ ముగ్గురికి మించి మనుషుల్లేరని అప్పుడు నేను చూడలేదు. కాదు, చూశాను. పట్టించుకోలేదు.

మర్నాడు పొద్దున లైనులో నాలుగు ఆకుపచ్చ మూతలు వచ్చాయి. వీధి చివర, కాలవ గట్టున ఉండే ఆమెవి. అయిదుగురు పిల్లలు, మొగుడు, అత్తగారు, ఆమె. మామిడికాయల రోజులు కాబట్టి విస్సన్నపేట వైపు తోటల్లో కాయలు ఏరి గ్రేడు చేసే పనికి వెళ్లేది. ఆరున్నరకల్లా ఆటో వచ్చేస్తుంది. నేను మైకు ఆన్ చేశాను.

"ఆకుపచ్చ మూతల గారికి నమస్కారం! ఇంగ్లండు పాదిరీ గారు రెండు, నాలుగు, ఎనిమిది అని కాగితం మీద రాస్తే, మా చెల్లెమ్మ ఇంట్లో చేసి చూపించింది. ఇది నీళ్ల ప్లాంటు తల్లీ, అంగన్‌వాడీ కాదు. రెండే!"

లైను గొల్లుమంది.

"ఎనిమిదిమందిమి కదన్నయ్యా, ఎండలు చూస్తున్నావుగా" అంది ఆమె.

"అదే చెల్లెమ్మా నేననేదీ. ఎండలకి బోరులో నీళ్లు తగ్గాయి గానీ మీ ఇంట్లో జనం తగ్గలేదు."

ఇంకోసారి గొల్లుమన్నారు. మాస్టారు కూడా పేపరు వెనక నవ్వారు, పేపరు ఊగింది. ఆమె నిండిన టిన్నులు సైకిలుకి అటొకటి ఇటొకటి తగిలించుకుని నెట్టుకుంటూ వెళ్లిపోయింది. ఖాళీ టిన్నులు రెండూ లైనులోనే ఉండిపోయాయి. నవ్వులన్నీ అయ్యాక వెనక్కొచ్చి వాటిని తీసుకెళ్లింది.

ఆ తర్వాత రెండే తెచ్చేది, ఒక్క మాట కూడా అడిగేది కాదు. "చూశారా మాస్టారూ, సర్దుకున్నారు. లేవని చెప్పేస్తే అందరూ సర్దుకుంటారు" అన్నాను గొప్పగా.

"ఎట్లా సర్దుకున్నారో కనుక్కున్నావా?"

"అదంతా మనకెందుకండీ."

ఒక మూడు వారాలు గడిచుంటాయి. మా షెడ్డు వెనక ఒక గొట్టం ఉంటుంది. మెషీను పనితీరు ఏంటంటే, బోరు నీళ్లలోని ఉప్పూ సున్నం అంతా విడదీసి, మంచినీళ్లని ముందు గొట్టానికి పంపుతుంది, ఆ ఉప్పంతా కలిసిన మిగతా నీళ్లని వెనక గొట్టంలోంచి కాలవలోకి తోసేస్తుంది. ముందు ఒక టిన్ను నిండేలోపు వెనక అంతకంటే ఎక్కువే పోతుంది. తొమ్మిదేళ్లుగా పోతున్నదే కాబట్టి ఎవరికీ కంటికి ఆనదు. అక్కడ ఎప్పుడూ బురద ఉండేది. ఆ బురదలో సాయంత్రాలు ఒక గేదె వచ్చి పడుకునేది. ఒకరోజు ఆ గేదె రాలేదు. షెడ్డు పక్కనుంచి తొంగి చూస్తే బురద ఎండి బీటలిచ్చింది. గొట్టం పూడుకుపోయిందేమో, మెషీను పాడవుతుందేమో అని కంగారుపడ్డాను. షెడ్డు చుట్టూ తిరిగి వెనక్కెళ్లాను.

గొట్టం పూడుకుపోలేదు. దాని కింద ఆకుపచ్చ మూత టిన్ను ఉంది. మూతికి పాత చీర ముక్క కట్టి ఉంది, వడపోతకి. పక్కన డ్రమ్ములు, బకెట్లు వరసగా. ముందు లైను లాంటిదే వెనక ఇంకో లైను. ఆమె గొంతుక్కూర్చుని టిన్ను మారుస్తోంది. నన్ను చూసి గభాల్న లేచింది.

"దొంగతనం కాదన్నయ్యా. కాలవలో పోయేవేగా."

"బట్టలకా?" అన్నాను. బట్టలకే అనాలని లోపల మొక్కుకుంటున్నాను.

"తాగడానికి. వంటకి కూడా. మెషీన్లోంచి వచ్చేవే కదా అని. కాస్త ఉప్పగా ఉంటున్నాయంతే. పెద్దపిల్లలకి అలవాటైపోయింది. చిన్నది తాగనంటే పంచదార కలిపి పోస్తున్నా. నేనొక్కదాన్నేనా, మా వరసలో నాలుగిళ్లూ ఇవే పట్టుకుంటున్నాం."

నాకు ఎప్పుడూ మాటకి వెతుక్కునే పని లేదు. ఆ సాయంత్రం వెతుక్కుని చెప్పాను. "ఇవి తాగొద్దు చెల్లెమ్మా. మెషీను తీసేసిన ఉప్పంతా వీటిలోనే ఉంటుంది. బోరు నీళ్లకంటే కూడా ఇవి చెడ్డవి."

ఆమె టిన్ను వంక చూసింది. చీర ముక్క మీద తెల్లగా సున్నం కట్టుంది.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాను.

"నువ్వు మైకులో అన్నావే, ఆ మర్నాటి నుంచి."

గొట్టం కింద టిన్ను నిండి పక్కకి పొర్లుతోంది.

"మరి ఏవి తాగమంటావు?" అంది ఆమె. తిట్టినట్టు అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

"మా ఇంటి వాటా రెండు టిన్నులూ నువ్వు తీసుకెళ్లు" అన్నాను.

"నీ పిల్లలేం తాగుతారు? నీ వాటా నాకెందుకన్నయ్యా, మా వాటా మాకు కావాలి." టిన్నులోని నీళ్లు కాలవలోకి వంపేసింది. "ఆ రోజు మైకులో అన్నావు, వీధంతా విని నవ్వింది. ఇది కూడా మైకులోనే చెప్పు."

"ఇవి తాగొద్దనా?"

"తాగొద్దనీ చెప్పు. ఎందుకు తాగాల్సొచ్చిందో అదీ చెప్పు."

ఇక్కడ ఒక దిక్కుమాలిన మాట ఒప్పుకోవాలి. ఇంటికి నడుస్తూ, ఆ అయిదుగురు పిల్లల్లో ఇద్దరైనా చచ్చిపోయిన ఆమె అక్క పిల్లలో అయ్యుంటే బాగుండు అనుకున్నాను. అప్పుడు "అయ్యో, నాకు తెలీదు" అని ఒక కన్నీటి చుక్క రాల్చి బయటపడొచ్చు. కాదు. అయిదుగురూ ఆమె కన్నవాళ్లే. కన్నది ఎవరో తెలుసుకుని దాహం వేయదు.

ఇంకోటి కూడా గుర్తొచ్చింది. పాత పరుపు విప్పితే లోపల దూది గట్టిగా ముద్దకట్టి ఇంతే ఉండేది. ఇంటివాళ్లు కంగారుపడేవాళ్లు, మా దూది తగ్గింది, ఎవరో తీశారని. "తగ్గలేదమ్మా, ఒకచోట పేరుకుంది, అంతే" అనేవాడు నాన్న. కూర్చుని ఏకేవాడు. చూస్తుండగా వసారా అంతా తెల్లగా నిండిపోయేది, మేం ఏడుగురం అందులో పడి దొర్లేవాళ్లం. ఆ నాన్న కొడుకుని నేను.

కమిటీ పెద్దాయన ఇంటికెళ్లాను. రూలు మార్చి మనిషి లెక్కన ఇద్దామన్నాను. ఆయన నవ్వడం మొదలుపెట్టారు. "కనేవాళ్లకి కానుకా? నువ్వే కదరా అన్నావు! మా బావమరిది ఫోన్ చేస్తే కూడా చెప్పా, పడీపడీ నవ్వాడు." నేను నవ్వట్లేదని చూసి, "జోకులు చాల్లే" అన్నారు. నా మాట నాకంటే ఆయనకే బాగా కంఠతా వచ్చింది. ఇప్పుడేమో పెద్ద పెద్ద నాయకులు టీవీల్లో ఇంకా కనండి, జనం తగ్గిపోతున్నారు అంటున్నారు. వెనకటికి ముగ్గురు పిల్లలుంటే వార్డు మెంబరుగా కూడా నిలబడనిచ్చేవాళ్లు కాదు. కాలవ గట్టు మీది అయిదుగురు మాత్రం ఆ రోజుల్లోనూ ఎక్కువే, ఈ రోజుల్లోనూ ఎక్కువే.

అక్కణ్ణించి మాస్టారింటికి వెళ్లాను. "మాస్టారూ, ఆ మిగతా సగం చెప్పండి" అన్నాను. వెనక గొట్టం సంగతి కూడా చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడిచారు.

"ఒకళ్లేమన్నారంటే, ప్రతి నోటితోపాటు రెండు చేతులు కూడా పుడతాయయ్యా, పాదిరీ నోళ్లు లెక్కేసుకుని చేతులు వదిలేశాడు అన్నారు. నువ్వూ మీ నాన్నా దూది ఏకిన చేతులు. ఆ అమ్మాయి కాయలు ఏరే చేతులు. ఇంకొకళ్లు, కరువులో జనం చచ్చిపోయేది తిండి లేక కాదు, ఉన్న తిండి వాళ్లదాకా రాక అన్నారు. మరికొందరు, ఉన్నవాడి ఇల్లొకటి వాడేది లేనివాళ్ల పదిళ్లు వాడవు, తలలు లెక్కపెడితే ఏం తెలుస్తుందన్నారు."

"అయితే పాదిరీ చెప్పిందంతా తప్పేనా?"

"అదీ కాదు. బోరు దిగిపోయిన మాట నిజమే కదా. భూమి సాగదు, హద్దుంటుంది. హద్దు దగ్గరికొచ్చినప్పుడు ముందు ఎవర్ని ఆగమంటావన్నదే గొడవ. మనం ఎప్పుడూ ఎవర్ని ఆగమంటాం? వెనకవాళ్లనే." కళ్లజోడు పెట్టుకున్నారు. "నువ్వు సగం పాఠంతో రాజ్యం ఏలావు. నాకు మొత్తం పాఠం వచ్చి కూడా నీ జోకుకి నవ్వాను. మేమిద్దరం, మాకు రెండు టిన్నులు. రెండోదాంతో మా ఆవిడ పూలకుండీలు తడుపుతోంది."

తెల్లారి షెడ్డు తాళం తీశాను. టిన్నులు నిలబడున్నాయి. ఆకుపచ్చ మూతలు నాలుగూ ఉన్నాయి. ఆమె సైకిలు పట్టుకుని ఒక పక్కగా నిలబడింది. ఆటో వచ్చే వేళవుతోంది. మైకు ఆన్ చేశాను, గొంతు సవరించుకున్నాను. దానికే నలుగురు నవ్వారు.

"షెడ్డు వెనక గొట్టం నీళ్లు ఎవరూ తాగొద్దు. మెషీను తీసేసిన ఉప్పంతా వాటిలో ఉంటుంది" అన్నాను.

"అయ్యో, గేదెకి కూడా చెప్పారా?" అన్నారెవరో. నవ్వులు.

"మన వీధిలో నాలుగిళ్లవాళ్లు మూడు వారాలుగా అవే తాగుతున్నారు, పిల్లలకి పోస్తున్నారు. నా మూలంగా. ఇంటికి రెండని రూలు పెట్టించింది నేను. ఆ చెల్లెమ్మని అందరిముందూ నవ్వులపాలు చేసిందీ నేనే. తప్పు చేశాను."

నవ్వులు ఇంకా పెరిగాయి. చివర్లో ఏదో విరుపు ఉంటుందని, నేను దానికోసం గొంతు వణికిస్తున్నానని అనుకున్నారు. ఒకాయన చప్పట్లు కూడా కొట్టాడు, "యాక్టింగు అదిరింది బాబాయ్" అని. నలభై ఏళ్లు కష్టపడి సంపాదించుకున్న పేరు. నేను ఏడ్చినా ఎవరూ నమ్మనంత మంచి పేరు. ఆమె ఒక్కతే నవ్వలేదు.

ఇంక ఏం చెప్పినా జోకే అవుతుందని తెలిసిపోయింది. ముక్తసరిగా అన్నాను. "ఈ రోజు నుంచి నీళ్లు ఇంటి లెక్కన కాదు, మనిషి లెక్కన. ఎనిమిదిమంది ఉన్న ఇంటికి నాలుగు. ఇద్దరున్న ఇంటికి ఒకటి."

నవ్వు అక్కడ ఆగింది.

"ఎవర్నడిగి?" అంది ఎర్రమూత టిన్ను ఆవిడ. తర్వాత అందరూ ఒకేసారి అందుకున్నారు. కమిటీ పెద్దాయనకి ఫోన్ వెళ్లింది, ఆయన లుంగీ మీదే వచ్చి కేకలేశారు. నన్ను తీసేస్తామన్నారు. మాస్టారు బల్ల మీంచి లేచొచ్చి, తన టిన్నుల్లో ఒకదాన్ని లైనులోంచి తీసి పక్కన పెట్టి, వెళ్లి మళ్లీ కూర్చున్నారు. ఆ గొడవ నాలుగు రోజులు నడిచింది. చివరికి నన్ను తీసేయలేదు, మెషీను తిప్పడం వాళ్లెవరికీ రాదు. మనిషి లెక్కా ఉండిపోయింది, సణుగుతూనే. వెనక గొట్టానికి ఒక సిమెంటు తొట్టి కట్టించి, "తాగరాదు" అని ఎర్రరంగుతో రాయించాం. ఆ నీళ్లు బట్టలకీ అంట్లకీ పట్టుకెళ్తున్నారు. కుండీలకి కూడా పనికిరావు, మాస్టారు గారి ఆవిడ మల్లెచెట్టు ఒకటి చంపాక తెలిసింది.

కానీ ఆ మొదటి రోజు ఇంకోటి జరిగింది. కేకల మధ్యలోనే ఆమె టిన్నులు నాలుగూ నింపాను. సైకిలుకి రెండే పడతాయి. మిగతా రెండూ నేనే పట్టుకుని ఆమె వెనకాల కాలవ గట్టుదాకా నడిచాను. ఆమె వద్దనలేదు, రమ్మనలేదు. గుమ్మంలో టిన్ను దించగానే చిన్నది గ్లాసు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. నాలుగేళ్లుంటాయి. వాళ్లమ్మ టిన్ను వంచి పోసింది. పిల్ల ఒక్క గుక్క తాగి మొహం చిట్లించి గ్లాసు వెనక్కిచ్చేసింది.

"చప్పగా ఉన్నాయమ్మా. ఇవి వద్దు, మన నీళ్లివ్వు."

ఆమె నా వైపు చూడలేదు. ఆటో హారన్ వినిపిస్తోంది. పంచదార డబ్బా కోసం లోపలికి వెళ్లింది.